ఏడుపు పాటల సంఘం

సర్వర్ మళ్లీ ఆగిపోయిందని కిటికీ అవతల గుమాస్తా అనగానే నవత వెనక్కి తిరిగి, ఇంకొంచెం సేపు కాకీ అన్నట్టు చెయ్యి చూపింది, చాంది తల ఊపింది, ఆగిపోతే ఆగిపోనీ, విసుక్కోవడానికైనా లోపల ఏదో ఒకటి కదలాలి కదా, కదలడం లేదు, ఖమ్మం వచ్చి ఈ రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో గోడవార బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి కాదు, పోయిన వానాకాలం నుంచీ కదలడం లేదు. కూర్చుని కూర్చుని ఎడమకాలు తిమ్మిరెక్కింది. కాలైతే నయం, నాలుగుసార్లు నేలకేసి తన్నితే సూదులు గుచ్చినట్టు గుచ్చి మళ్లీ మన కాలు మనకొస్తుంది. ఒంటి మీద అద్దాల లంగా బరువుగా ఉంది, అద్దాల రవికె చంకల కింద ఒరుసుకుంటోంది, మోచేతుల దాకా తెల్లగాజులు, పెళ్లిళ్లకూ పాటలకూ తప్ప పెట్టెలోంచి తియ్యని బట్టలివి, మామూలు రోజుల్లో అందరిలాగే చీరే కడుతుంది, కానీ కళాకారులంటే కళాకారుల లెక్క కనపడాలె కాకీ అని నవత పొద్దున్నే పెట్టె తెరిపించింది. వరండాలోకి వచ్చిన ఎండ ఆ అద్దాలకు తగిలి ఎదుటి గోడ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది, ఊపిరి తీస్తే చుక్కలు పైకి పోతున్నాయి, వదిలితే కిందికి దిగుతున్నాయి, భూమి కాగితాల కోసం వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి వాటినే చూస్తున్నాడు, చాంది ఊపిరి బిగబట్టి చూసింది, చుక్కలు నిలబడిపోయాయి, పెద్దాయన ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు, పాపం అనిపించి వదిలేసింది. పాపం అనిపించిందా, లేక అలాంటప్పుడు పాపం అనుకోవాలని తెలుసు కాబట్టి అనుకుందా, అదీ తేల్చుకోలేకపోయింది.

నవత రూప్లి కూతురు. రూప్లి అంటే చాందికి తోడికోడలు, ఆ ఇంటికి ముందు వచ్చిన పెద్ద కోడలు. చిన్నాయన పెళ్లాన్ని తండా మాటలో కాకి అంటారు, అందుకని నవతకు ఆమె కాకి, ఒకరోజు పెనుబల్లి బడికి అన్నం క్యారేజీ పట్టుకుపోతే ఈ పిల్ల కిటికీలోంచి కాకీ, కాకీ అని కేకేసింది, తరగతి తరగతంతా కావు కావుమని నవ్విందట, సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చి రేపటి నుంచి నిన్ను పిన్నీ అంట అంటే, రూప్లి దాని వీపు మీద ఒకటి చరిచి, కాకిని కాకి అనక కోడి అంటవా అంది, ముగ్గురూ పొయ్యి దగ్గర కూర్చుని కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో చాందికి గుర్తుంది, ఎంతసేపు నవ్వారో గుర్తుంది, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిపోయిన వాసన కూడా గుర్తుంది, నవ్వు వచ్చినప్పుడు లోపల ఎట్లా ఉంటుందన్నదే గుర్తు రావడం లేదు. ఆ పిల్లే ఇప్పుడు డిగ్రీ చదివి పెనుబల్లి మీసేవలో పని చేస్తోంది, ఊరి వాళ్ల కులం సర్టిఫికెట్లూ పుట్టిన సర్టిఫికెట్లూ దాని చేతి మీదుగానే బయటికొస్తాయి, సంఘం కాగితాలూ అదే చూస్తోంది. ఏడుగురు ఆడవాళ్ల ఆధార్ కార్డులు, సంతకాలు, నియమావళి అని ఒక కట్ట, పాడుతుండగా తీసిన ఫోటో. ముందు సంఘం రిజిస్టరు కావాలట, అయితే సాంస్కృతిక శాఖకు దరఖాస్తు పెట్టుకునే అర్హత వస్తుందట, సర్కారు నిధులు వస్తాయని ఎవరూ చెప్పలేదు, అర్హత వస్తుందని చెప్పారు, రూప్లికి అదే చాలా పెద్ద మాటగా వినిపించింది, అర్హత, అర్హత అంటూ రెండు రోజులు మిరపచేలో కలుపు తీస్తూ ఆ మాటను నోట్లో చింతగింజలా తిప్పుకుంటూ తిరిగింది.

ఢావ్లో పాడే ఆడవాళ్లకు సంఘమేంటని తండాలో మగవాళ్లు నవ్వారు. ఢావ్లో అంటే ఏడుపు పాట, పెళ్లికూతురు అత్తారింటికి కదిలే తెల్లవారి తల్లి మెడ, అక్క మెడ, ఈడు పిల్లల మెడ ఒక్కొక్కటే రెండు చేతులా పట్టుకుని, భుజంలో మొహం దాచుకుని, హియా అని తీగ లాగినట్టు మొదలుపెట్టి, నేను అలికిన వాకిలి ఎవరు అలుకుతారు, నేను ఎత్తుకున్న తమ్ముణ్ని ఎవరు ఎత్తుకుంటారు అని అడుగుతుంటే, అవతలి మనిషి కూడా అదే వరసలో, అదే ఏడుపులో జవాబు చెప్పాలి. ఈ మధ్య పెళ్లికూతుళ్లకు పాట రావడం లేదు, వాళ్ల తరఫున పాడటానికి చుట్టుపక్కల తండాల వాళ్లు రూప్లినీ చాందినీ పిలిచేవారు, ఒకరు తల్లి, ఒకరు కూతురు, ఒక్కో పెళ్లిలో రూప్లి కూతురైపోయేది, చాంది తల్లయ్యేది. చాంది ఈ ఇంటికి వచ్చిన రోజు నిజంగానే ఏడుస్తూ వచ్చింది, కల్లూరు దాటిందాకా ఏడ్చింది, వాకిట్లో దిగీ దిగకముందే రూప్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి రొట్టె ముందు పెట్టి, నీకు గొంతుంది గానీ ఏడవడం రాదే పిల్లా అంది. ఎవరైనా కొత్త కోడలితో అనే మాటేనా అది. తర్వాత చేలో పత్తి ఏరుతూ నేర్పింది, ఏడుపు ముందు గొంతులకు రావాలె, కండ్లలకు కాదు, కండ్లలకు వచ్చిందంటే ముక్కు కారుతది, పాట తెగిపోతది, గొంతుల ఆపి, అక్కడ్నే తిప్పి తిప్పి, ఇనేటోళ్ల కండ్లలకు పంపాలె, మనం ఏడ్వొద్దు, ఏడిపియ్యాలె. ఇరవై ఏళ్లు ఆ పాఠం ప్రకారమే నడిచింది. పెళ్లివాళ్లు కళ్లొత్తుకుంటుంటే ఇద్దరూ ఒకరి భుజంలో ఒకరు మొహాలు దాచుకుని, పాట మధ్య ఊపిరి తీసుకునే సందులో, రూప్లి చెవిలో ఏదో ఒక చిలిపి మాట అనేది, వరుడి చిన్నాయన బట్టతల గురించో, కూరలో ఉప్పు గురించో, చాంది భుజాలు ఎగిరిపడేవి, చూసేవాళ్లు వెక్కి వెక్కి ఏడుస్తోందనుకునేవారు.

గోడ మీద ఫ్యాను టకటకమంటోంది. పక్క గదిలో ఒక పెళ్లి రిజిస్ట్రేషన్ అవుతోంది, అమ్మాయి మెడలో దండ, అబ్బాయి మెడలో దండ, సాక్షులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, సంతకాలు చేశారు, అయిపోయింది, అయిపోయిందా అని అమ్మాయి అడిగింది, అయిపోయిందమ్మా అని ఎవరో అన్నారు. నవత కాగితాల కట్ట గుండెకు ఆనించుకుని అటే చూస్తోంది. ఈ పిల్ల చిక్కిపోయింది, మోచేతులు కర్రల్లా ఉన్నాయి, తల్లి పోయాక ఒక్కరోజు కూడా పనికి ఎగ్గొట్టలేదు, ఇద్దరూ ఒక ఇంట్లోనే తింటున్నారు, ఒకరి ముందు ఒకరు ఏడవలేదు, ఏడుస్తే అవతలి మనిషి ఏమైపోతుందోనని ఇద్దరికీ ఉందేమో, లేక చాందికి రావడం లేదు కాబట్టి అదీ ఆపుకుంటోందేమో. ఈ పిల్ల పుట్టినప్పుడు మంత్రసానికి సాయం పట్టింది చాందే. ఇవన్నీ తెలిసిన సంగతులే, తెలిసినట్టే ఉన్నాయి, అద్దాల పెట్టెలో పెట్టిన మిఠాయిల్లా కనపడుతున్నాయి, వాసన రావడం లేదు.

సంఘం ఆలోచన డీజే దగ్గర పుట్టింది. చండ్రుగొండ అవతల ఒక తండాలో పెళ్లి, తెల్లవారి అప్పగింతలు, ట్రాక్టరు మీద ఇంతెత్తు డబ్బాలు పెట్టి గుండెలు అదిరేలా మోగిస్తున్నారు, పెళ్లికూతురి తల్లి కూతురి మెడ పట్టుకుని పెదాలు కదిలిస్తోంది గానీ ఏమంటుందో దానికే వినపడటం లేదు, ఆపండ్రా కొంచెం అని రూప్లి అరిచింది, ఎవరికి వినపడుతుంది, లంగా అంచు దోపుకుని పోయి జనరేటరు నుంచి వచ్చే వైరు పట్టి ఒక్క గుంజు గుంజింది. ఉన్నట్టుండి అంత నిశ్శబ్దం వస్తే కుక్కలు కూడా మొరగడం ఆపేశాయి. ఆ నిశ్శబ్దంలో హియా అని రూప్లి ఎత్తుకుంది. డీజే కుర్రాళ్లు కొట్టడానికి వచ్చి, దగ్గరికి వచ్చి, నిలబడిపోయారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంది, ఎన్ని వైర్లు గుంజుతమే చాందీ, మనకే ఒక మైకు ఉండాలె, ఒక రేకుల షెడ్డు, ఎండాకాలం సెలవుల్లో పిల్లలను కూసోబెట్టి నేర్పాలె, సర్కారోడు డప్పులోళ్లకు ఇస్తుండు, కోలాటమోళ్లకు ఇస్తుండు, ఏడ్చేటోళ్లకు ఎందుకియ్యడు. మొదటి దరఖాస్తులో అధ్యక్షురాలు రూప్లి, చాంది ఉపాధ్యక్షురాలు, నవత కార్యదర్శి. అధ్యక్షురాలంటే ఏంది పని అని చాంది అడిగితే, కుర్చీ ఏసుకుని కూసునుడు, నువ్వు నాకు చాయ్ తెచ్చుడు అంది.

"కాకీ, రా. వచ్చింది."

సర్వర్ వచ్చిందని అర్థమవడానికి చాందికి కొంచెం సేపు పట్టింది. లేచి కాలు విదిలించుకుంటూ కిటికీ దగ్గరికి పోయింది. గుమాస్తా పేరు వెంకటప్పయ్య, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఒక్క వేలితో కంప్యూటరు మీద కొడుతున్నాడు, పొద్దుట నుంచి ఎవరి మీదా గొంతు పెంచలేదు.

"అమ్మా, ఇక్కడ కళారూపం అని అడుగుతుంది. గానం, నృత్యం, నాటకం, వాద్యం, చిత్రలేఖనం. వీటిల్లనే ఒకటి ఎంచుకోవాలె. మీదేది?"

"ఏడుపు," అంది చాంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వించాలని అనలేదు, అడిగినదానికి చెప్పింది. వెంకటప్పయ్య నవ్వలేదు, కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఆమె బట్టల వైపు, మొహం వైపు చూశాడు.

"గానం అని కొట్టండి సార్," అంది నవత.

"కొడ్త బిడ్డా. కానీ రేపు పైన కమిటీ దగ్గర గానం అంటే హార్మోనియం ఉందా అంటరు. నృత్యం అంటే కొంచెం తొందరగ పాస్ అయితది. మీ తండాల డాన్సు చూసిన నేను, ఇది మాత్రం ఇన్లే." ఆయన చాంది వైపు తిరిగాడు. "ఏమనుకోకమ్మా, ఒక ముక్క పాడితే నేనే వివరం మంచిగ రాసి పెడ్త. ఎవరూ ఏమనరు ఇక్కడ."

"ఇద్దరుండాలె," అంది చాంది.

అంతటితో అయిపోతుందనుకుంది. నవత కాగితాల కట్ట కిటికీ గట్టు మీద పెట్టి, చున్నీ వెనక్కి వేసుకుని, వచ్చి ఎదురుగా నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టాలో ఆ పిల్లకు తెలియదు, పక్కలకు వేలాడేసింది. చాంది చేతులు లేచాయి, వాటికి తెలుసు, ఇరవై ఏళ్ల అలవాటు, ఎడమచెయ్యి మెడ వెనక్కి, కుడిచెయ్యి వీపు మీదికి, మొహం భుజంలోకి, గాజులు జారి గలగలమన్నాయి, పిల్ల జుట్టుకు కొబ్బరినూనె వాసన, బస్సు దుమ్ము వాసన, మెడ మీద నరం కొట్టుకోవడం తెలుస్తోంది, ఎత్తు మాత్రం రూప్లి కంటే ఎక్కువ, గడ్డం ఆనించాల్సిన చోటు పైకి పోయింది. ఇప్పుడు హియా అనాలి. నోరు తెరిచింది. గాలి బయటికి పోయింది. మళ్లీ తీసుకుంది, గొంతులో ఆపి తిప్పమని రూప్లి చెప్పిన చోటు ఉంది, ఆ చోటు ఎక్కడుందో తెలుసు, తలుపు ఉంది, తాళం కూడా లేదు, లోపలికి పోతే గది లేదు. మాటలన్నీ వరసగా గుర్తున్నాయి, వాకిలి, తమ్ముడు, ఆవులు, నువ్వు నాటిన సీతాఫలం చెట్టుకు ఈ ఏడు కాయ వచ్చింది అనే చరణం కూడా గుర్తుంది, చదవమంటే గడగడా చదివేస్తుంది. పాత అలవాటుకొద్దీ చెవి దగ్గర చిలిపి మాట కోసం ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను టకటకమంటోంది. నవత కదలకుండా నిలబడింది, దాని గుండె గబగబా కొట్టుకుంటుంటే చాంది రవికె అద్దాలకు తగిలి చిన్న చప్పుడు వస్తోంది, ఎంతసేపో అట్లాగే, చివరికి చాందే చేతులు తీసేసింది.

"రాట్లేదు," అంది, కుళాయిలో నీళ్లు రావడం లేదని చెప్పినట్టు.

వెంకటప్పయ్య కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. "సరేనమ్మా. గానం అని పెడ్తున్న," అని మాత్రం అన్నాడు, ఆ తర్వాత ఏదో టైపు చేస్తూ చాలాసేపు తల ఎత్తలేదు. చాంది కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఆయన ముందున్న తెరమీద వాళ్లు పెట్టిన ఫోటో ఉంది, రెండు వీపులు, రెండు అద్దాల రవికెలు, ఒకరి భుజంలో ఒకరి మొహం, ఏ వీపు ఎవరిదో వేరేవాళ్లకు తెలియదు, కుడివైపుది రూప్లిది, రవికె ముడి ఎప్పుడూ వదులుగా కడుతుంది. భద్రాచలంలో తీసిన ఫోటో. ఆదివాసీ, గిరిజన కళాకారుల మేళా అని పిలిచారు, వానలు, గోదావరి రోజురోజుకూ పెరుగుతోందని టీవీలో చెబుతున్నారు, రూప్లికి అప్పటికే జ్వరం, వద్దక్కా, మళ్లీ ఏడు పోదాం అని చాంది అంటే వినలేదు, ఫోటో లేకపోతే సంఘం లేదంట, ఇద్దరం లేకపోతే ఫోటో ఎట్ల తీస్తరే అని గోలీ మింగి బస్సెక్కింది. స్టేజీ మీద ఆ రోజు పాడినట్టు ఎన్నడూ పాడలేదు. మెడ కాలిపోతోంది, పట్టుకుంటే పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టుంది, అయినా ఊపిరి సందులో చెవిలో అంది, ముందర కూసున్న సారు నిద్రపోతుండు, గట్టిగ ఏడువ్.

తిరుగు బస్సు వంతెన దాటింది గానీ సారపాక దాటాక రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని ఆపేశారు. ముందూ వెనకా లారీలు, యూకలిప్టస్ కట్టెల లోడ్లు తడుస్తున్నాయి. రూప్లి తల చాంది ఒళ్లో ఉంది. ఈ వాసన ఏందే అని అడిగింది. కాగితాల మిల్లుదక్కా, కట్టె ఉడికిస్తరు గదా. నా జ్వరం వాసన అనుకున్న, అని నవ్వింది. అంబులెన్సుకు ఫోన్ చేశారు, నీళ్లు తగ్గితే వస్తమన్నారు, కండక్టరు రెండుసార్లు దిగి చూసి వచ్చాడు, అద్దం మీద వాన జారుతోంది, చాంది తుండుగుడ్డ తడిపి నుదుటి మీద వేస్తూ, తీస్తూ, వేస్తూ, ఒక్కసారి నీళ్లు తాగుతవా అని అడిగితే జవాబు రాలేదు, నిద్రపోయిందనుకుంది, ఎంతోసేపు నిద్రపోయిందనే అనుకుంది. డ్యూటీ దిగి సైకిళ్ల మీద పోతున్న మిల్లు కూలీలు నలుగురు లోపలికొచ్చి ఎత్తారు, దవాఖానాకు తీసుకుపోదాం లే అమ్మా అని, ఎత్తగానే వాళ్లలో పెద్దవాడికి తెలిసిపోయింది, వానలో తల మీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాంది లేవబోయి సీట్ల మధ్య కూలబడిపోయింది. అందరూ దుఃఖంతో పడిపోయిందనుకున్నారు, అయ్యో అయ్యో అని చేతులందించారు. కాదు. అంతసేపు తల బరువుకు తొడ తిమ్మిరెక్కి పడిపోయింది. కాలు వచ్చింది. తక్కినది అక్కడే ఉండిపోయిందేమో.

అంత్యక్రియల రోజు ఎన్ని తండాల ఆడవాళ్లు వచ్చారో, అందరూ చాంది పాట కోసమే ఎదురుచూశారు, ఒక్కొక్కరే వచ్చి మెడ అందించారు, ఆమె పట్టుకుంది, వదిలింది, పట్టుకుంది, వదిలింది. ఇరవై ఏండ్లు ఊరందరినీ ఏడిపించింది, సొంత తోడికోడలికి ఒక్క చుక్క రాలేదు చూడు అని ఎవరో అన్నారు, పక్కనే అన్నారు, వినపడింది. నిజమే కదా అనుకుంది. ఏడువ్, ఏడిస్తే పోతది అని మొగుడు పూల్‌సింగ్ తాగొచ్చి బతిమాలాడు, మంచి మనిషి, అతనే ఏడ్చాడు వదిన కోసం. ఆమె లేచి మొక్కజొన్నలు ఒలిచింది. తర్వాత మిరపనారు పెట్టింది. తర్వాత పత్తి ఏరింది. పని ఆగలేదు.

"రూప్లి గారు," అన్నాడు వెంకటప్పయ్య, తెర దగ్గరికి మొహం పెట్టి. "పాత దరఖాస్తులో అధ్యక్షురాలు ఈమె ఉన్నరు. ఇప్పుడు చాంది గారు అంటున్నరు. మార్పుకు కారణం పెట్టాలె. రాజీనామా, తొలగింపు, మరణం."

నవత చేతి సంచీ పిడి మెలిపెడుతోంది.

ఆయన ఆ పిల్ల మొహం చూసి ఏమనుకున్నాడో, గొంతు తగ్గించాడు. "మరణం అంటే సర్టిఫికెట్ అప్‌లోడ్ చెయ్యాలె. లేకుంటే మళ్లొక రోజు రావాలె. రాజీనామా అని పెడితే ఏ కాగితం అక్కర్లే, జల్దీ అయిపోతది. చానమంది అట్లనే పెట్టుకుంటరు."

"రాజీనామా పెట్టండి సార్," అంది నవత. తండాలో ఎవరైనా పోతే వాళ్ల సర్టిఫికెట్ తీసిచ్చే పిల్ల అది. తల్లిది కూడా తనే ప్రింటు తీసింది, ఆ సంచీలోనే పెట్టుకుని తిరుగుతోందని చాందికి తెలుసు, టిఫిన్ డబ్బా కింద మడత పెట్టి ఉంటుంది, దాన్ని బయటికి తియ్యడం కంటే మళ్లీ ఖమ్మం రావడమే దానికి నయం. వెంకటప్పయ్య వేలు పైకి లేచింది.

రాజీనామా. కుర్చీ వేసుకుని కూర్చుంటానన్న మనిషి, జ్వరంతో గోలీ మింగి బస్సెక్కిన మనిషి, వైరు గుంజిన మనిషి, నాకిక వద్దు అని రాసిచ్చి పోయినట్టు, సంఘం ఉన్నన్నాళ్లూ ఈ డబ్బాలో అట్లాగే ఉంటుంది, ఎవరైనా తెరిచి చూస్తే, ఓహో, ఈమెకు ఇష్టం లేక మానుకుందన్నమాట అనుకుంటారు. చాందికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. అబద్ధం అని మాత్రం తెలిసింది, తెల్లగా, చప్పగా, రాయి రాయి అని తెలిసినట్టు.

"సార్, ఆగు. రాజీనామా చెయ్యలే," అంది. "చచ్చిపోయింది."

ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అందరూ అంటుంటే విన్నది. తన నోట్లోంచి అది ఇంత సులువుగా, ఇంత మామూలుగా వస్తుందని అనుకోలేదు. వెంకటప్పయ్య వేలు గాలిలోనే ఆగింది. నవత ఆమె వైపు చూసింది, చాలా కాలానికి సూటిగా చూసింది, తర్వాత సంచీ గట్టు మీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసి, నీళ్ల సీసా తీసి, కింద నుంచి ఆ కాగితం తీసి మడతలు విప్పి ఊచల మధ్య నుంచి లోపలికి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. స్కాను చేసే మిషను గుర్రుమంది. అధ్యక్షురాలి గడిలో చాంది సంతకం చేసింది, పక్కన నవత, నంబరు వారంలో ఫోనుకు వస్తుంది, నంబరొచ్చాక సాంస్కృతిక శాఖకు పెట్టుకోండి, మూడేండ్లు లెక్కలు సక్రమంగ చూపెడితేనే పెద్ద నిధులకు అర్హత అని వెంకటప్పయ్య ఒక్కొక్కటీ చెప్పి, చివర్లో, పాట వచ్చిన రోజు పిలువమ్మా, వచ్చి ఇంట అన్నాడు. పిలుస్తా అనలేదు చాంది. తల ఊపింది.

బయట ఎండ మండిపోతోంది. ఆఫీసు గేటు పక్కన వేపచెట్టు నీడలో చెరుకురసం బండి ఉంది, నవత రెండు గ్లాసులు చెప్పింది, ఐసు ఎక్కువ వెయ్యమంది, బండి అతను నిండుగా పోసి రెండూ చాంది చేతికే ఇచ్చాడు, ఎందుకంటే అప్పుడే నవత ఫోను మోగింది. ఆ పిల్ల దాన్ని చూసి ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

"ఎవరే?"

"కిషోర్." ఫోను సంచీలో పడేసింది. "సత్తుపల్లి. వాళ్ల నాయిన బొగ్గుబాయిల డంపర్ నడుపుతడు. మనోళ్లు కాదు." చున్నీతో మొహం తుడుచుకుంది. "వచ్చే నెల ఇక్కడికే వస్తం కాకీ. ఇందాక ఆ పక్క రూముల చూసినవు గదా, గట్లనే. డీజే వద్దు, పందిరి వద్దు, ఏం వద్దు. అమ్మ లేదు గదా. ఎవర్ని పట్టుకొని ఏడ్వాలె నేను."

చాంది ఏదో ఒకటి అనాలి. మంచి పిల్లగాడేనా అనాలి, మీ నాయినకు చెప్పినవా అనాలి, నేను లేనా అనాలి, తల్లి లాంటిదాన్ని కదా, ఆ మాటే అనాలి. ఏదీ రాలేదు. వచ్చిందే అంది.

"మీ అమ్మ ఉంటే చెప్పు తీసుకొని కొట్టేది."

నవత తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది, ఫక్కుమని, బండి అతను తల తిప్పి చూసేంతగా, అవ్ కాకీ, కొట్టేది, ఖమ్మం దాకా ఉరికిచ్చి కొట్టేది అంటూ నవ్వుతూనే ఉంది, నవ్వు మధ్యలో ఎక్కడో పట్టు తప్పింది, మొహం నలిగిపోయింది, రెండు అడుగులు వేసి వచ్చి చాంది భుజంలో తల దూర్చి, చేతులు నడుము చుట్టూ వేసి, పాట లేదు, వరస లేదు, ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోతూ, యాడీ, యాడీ అని తల్లిని తండా మాటలో పిలుస్తూ చిన్నపిల్లలా ఏడ్చింది. గేటు దగ్గర జనం ఆగారు. చాంది చేతులు రెండూ నవతకు అటొకటి ఇటొకటి గాలిలో ఉండిపోయాయి, రెండింటిలో నిండు గ్లాసులు, పట్టుకుందామంటే వీల్లేదు, పెడదామంటే చోటు లేదు, బండి అతను అందుకుంటాడేమోనని చూసింది, అతను కూడా కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. పిల్ల వెక్కినప్పుడల్లా గ్లాసులు కదిలి రసం పొర్లుతోంది, వేళ్ల మీదుగా, మణికట్టు మీదుగా, గాజుల కిందికి జారుతోంది, నవత వీపు మీద ఒక్కొక్క చుక్క పడుతోంది. దించలేదు. పిల్లను జరగమని అనలేదు. అట్లాగే నిలబడింది, భుజాలు నొప్పి పుట్టేదాకా, ఐసు ముక్క ఒకటి గ్లాసు అంచు దాటి ఆమె ముంజేతి మీద జారి మోచేతి మడతలో ఆగేదాకా. చల్లగా ఉంది. చాంది ఆ చోటు వైపు చూసింది. చల్లగా ఉంది, చాలా చల్లగా, చెయ్యి జివ్వుమనేంత చల్లగా ఉంది.